బెల్లం పెనం, గుండె మాత్ర

కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సమ్మాయిలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, జంతికలు నమిలి, "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అని అడుగుతారు. పాము కాటో, బస్సు ప్రమాదమో, కొయ్యూరు కొండల మీంచి డోలీలో మోసుకొచ్చిన పురుడో చెబుతానని ఎదురుచూస్తారు. అవన్నీ చూశాను. కానీ నేను చెప్పేది బెల్లం వండే ఒక పెద్దాయన సంగతి. సగంలో ఉండగా ఒకరిద్దరు ఫోన్లు తీస్తారు. తీయనివ్వండి, ఇప్పుడు నాకు కోపం రావడం లేదు. ఒకప్పుడు బాగానే వచ్చేది. వార్డులో నా గొంతు వినబడితే పేషెంట్ల బంధువులు గబగబా మంచాల మీంచి దిగేవాళ్ళు.

అప్పట్లో నేను నర్సీపట్నంలో ఒక ఆసుపత్రిలో మెడికల్ వార్డు హెడ్ నర్సుని. మా డాక్టరు గారు కోనసీమ నుంచి వచ్చిన కుర్రాయన. ఎవరి మీదా గొంతు పెంచడు. ఒక్కో పేషెంటుకి జబ్బు గురించి గాలిలో వేళ్ళతో బొమ్మలు గీసి మరీ చెప్పేవాడు. ఓపీలో క్యూ గేటు దాకా పోతున్నా ఆయనకి పట్టేది కాదు. ఆ క్యూని సముదాయించే పని నాది కాబట్టి ఆ బొమ్మలంటే నాకు మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత నేనే ఆగి వినడం మొదలుపెట్టాను.

ఆ పెద్దాయన్ని చెరకు నరికే రోజులు ఇంకా మొదలుకాక ముందు ఆటోలో తెచ్చారు. ఊపిరి అందడం లేదు. కాళ్ళు వాచి, వేలితో నొక్కితే గుంట పడుతోంది. మంచం మీద పడుకోబెట్టబోతే రెండు చేతులూ అడ్డం పెట్టాడు. పడుకుంటే మునిగిపోతున్నట్టు ఉంటుందట. ఆయన భార్య మంచం ఎక్కి, ఆయనకి వెనక్కి తిరిగి, తన వీపుని ఆయన వీపుకి ఆనించి కూర్చుంది. ఆయన తల వెనక్కి వాల్చి ఆమె భుజం మీద పెట్టాడు.

"ఏటమ్మా, మంచం ఎక్కీసేవు? దిగు" అన్నాను నేను.

"దిగితే ఈయన పడిపోతాడు సిస్టరమ్మా. నెల్లాళ్ళ బట్టీ ఇంటికాడా ఇలాగే తొంగుంటన్నాడు. తలగడాలు పెడితే జారిపోతన్నాయి" అంది ఆవిడ.

ఆవిడని దింపలేదు. పేషెంటు మంచం ఎక్కిన బంధువుని నేను ఏమీ అనకపోవడం చూసి వార్డు ఆయా నా వంక విచిత్రంగా చూసింది.

గుండె నీరసించిపోయిన మనిషి శరీరంలో ఏం జరుగుతుందో మీకు పాఠాల్లో చెప్పే ఉంటారు. పంపు బలహీనపడుతుంది. చాలినంత రక్తం రావడం లేదని శరీరం కంగారుపడి, రక్తనాళాల్ని బిగించేస్తుంది. బిగిసిన నాళాల్లోకి నెట్టలేక గుండె ఇంకా అలిసిపోతుంది. వెనక ఆగిపోయిన నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అందుకే నీరు దించే ఇంజక్షనుతో పాటు, నాళాల్ని వదులు చేసే మందు సెలైన్‌లో కలిపి చుక్క చుక్కగా ఎక్కిస్తాం. ఆ మందు ఎక్కేటప్పుడు బీపీ చూస్తూనే ఉండాలి. నాళాలు మరీ వదులైతే బీపీ ఒక్కసారిగా జారిపోతుంది. ఆ పెద్దాయన పక్కన స్టూలు వేసుకుని నేనే కూర్చున్నాను.

కాసేపటికి ఆయన, "తలకాయ పగిలిపోతన్నాదమ్మా" అన్నాడు.

"పగలనీ, మందు పని చేస్తోందన్నమాట" అన్నాను. నాళాలు వదులైనప్పుడు తలనొప్పి వస్తుంది, అది నాకు శుభవార్తే. ఆయనకి మాత్రం నేను వేళాకోళం ఆడుతున్నానని అనిపించి ఉంటుంది, మొహం అటు తిప్పుకున్నాడు. తెల్లారేసరికి ఆయన వెల్లకిలా పడుకుని గుర్రు పెడుతున్నాడు. భార్య కింద నేల మీద కొంగు పరుచుకుని పడుకుంది. ఆ మందు పని చేయడం ఎన్నిసార్లు చూసినా నాకు సంతోషంగానే ఉంటుంది, ఇప్పుడు తలుచుకున్నా అంతే.

ఇంటికి పంపే రోజు డాక్టరు గారు మళ్ళీ గాలిలో బొమ్మలు గీశారు. ఒకటి నీళ్ళ మాత్ర, ఒకటి నాళాల్ని వదులు చేసే మాత్ర. "మీ పొలంలో మోటారు పాతబడింది అనుకోండి. సన్నపైపు పెడితే మోటారు మీద బరువు పడుతుంది. లావుపైపు పెడితే తేలిగ్గా తోసేస్తుంది. ఈ మాత్ర చేసేది అదే" అన్నారు.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "లావుపైపు పెడితే నీరు ఒత్తిడి తగ్గిపోద్ది గదా బాబూ. మెరక సేనుకి ఎక్కదు."

డాక్టరు గారు మురిసిపోయారు. "అదీ నిజమే. అందుకే గబుక్కున లేవకూడదు. మెరక అంటే మీ తలకాయే" అన్నారు. అందరం నవ్వుకున్నాం. ఆ మెరక సేను మాట మమ్మల్ని తర్వాత చాలా ఏడిపించింది.

ఈయన చేసే పని గురించి అప్పుడే తెలిసింది. కొయ్యూరు వెళ్ళే రోడ్డు మీద ఒక ఊళ్ళో గానుగ దగ్గర బెల్లం వండుతాడు. చుట్టుపక్కల రైతులు తమ చెరకుని ఆయన పెనంలోనే వండించుకుంటారు. పాకం ఎప్పుడు దించాలో ఆయనకి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదని భార్యే చెప్పింది. చెబుతున్నప్పుడు ఆవిడ మొహంలో గర్వం చూడాలి మీరు.

చెరకు నరకడం మొదలైంది. ఆయన మళ్ళీ వచ్చాడు. పెనం ముందు నిలబడి ఉండగా కళ్ళు తిరిగి వెనక్కి, పిప్పి కుప్ప మీద పడ్డాడట. ఊళ్ళో అందరూ ఒకటే మాట, మాత్ర నీరసం తెచ్చిందని. మానేశాడు. మానేశాక కాళ్ళు వాచాయి, ఊపిరి అందలేదు, భార్య వీపు మళ్ళీ తలగడ అయింది. మేం మళ్ళీ సెలైన్ పెట్టి, మళ్ళీ వెల్లకిలా పడుకోబెట్టాం. డాక్టరు గారు ఆయన్ని పడుకోబెట్టి బీపీ చూశారు, నిలబెట్టి చూశారు. పెద్ద తేడా లేదు. అయినా ఎందుకైనా మంచిదని మాత్ర సగానికి తగ్గించి పంపారు.

మూడోసారి మొగుడూ పెళ్ళాలు నేరుగా డ్రెస్సింగ్ గదిలోకే వచ్చారు. మళ్ళీ కళ్ళు తిరిగాయి. ఈసారి ముందుకి వాలాడు. పక్కనున్నవాళ్ళు చొక్కా పట్టి లాగారు గానీ, మోచెయ్యి పెనం అంచుకి తగిలి బాగా కాలింది. నేను గాయం కడుగుతుంటే ఆవిడ గోడకి మొహం పెట్టి ఏడ్చింది. మరుగుతున్న పాకం అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఇంకో జానెడు అటు పడితే మాకు చెయ్యడానికి ఏమీ మిగిలేది కాదు.

డాక్టరు గారు మొదటిసారి కాస్త గట్టిగా మాట్లాడారు. "ఇంక పెనం పని మానెయ్యండి."

పెద్దాయన కాలిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "అయితే మాత్రే ఒగ్గేత్తాను బాబూ" అన్నాడు.

"మాత్ర మానేస్తే మీరు బతకరు."

"పెనం ఒగ్గేత్తే మాత్రం ఏటి బతుకు? నాకు పదేనోయేడు వచ్చిన కాణ్ణుంచీ అక్కడే ఉన్నాను. ఇంటికాడ కూకుని మంచం నులక పోగులు లెక్కెట్టుకోమంటారా?"

నాకు కోపం వచ్చింది. "బతికుంటే కదా పెనం గురించి మాట్లాడతావు" అని కసిరాను. ఆయన తల వంచుకున్నాడు. డాక్టరు గారు కేసు షీటు తిరగేశారు. తర్వాత నాతో, "వార్డులో నిలబడితే బీపీ పడడం లేదు. పెనం దగ్గరే పడుతోంది. అక్కడ ఏముందో నాకు తెలియదు సిస్టర్. ఆదివారం మీకు వీలవుతుందా?" అన్నారు.

ఆదివారం నాకు వీలవదు. ఆదివారం నేను తలంటుకుని, చేపల పులుసు వండుకుని, మధ్యాహ్నం నిద్రపోతాను. ఆ మాటే చెప్పబోయి, "ఎన్నింటికి బయల్దేరదాం సార్?" అన్నాను.

ఆటో కట్టించుకుని, బీపీ మిషను సంచిలో పెట్టుకుని పొద్దున్నే వెళ్ళాం. జీడితోటలు దాటాక ఇంజను చప్పుడు వినబడింది, దానికి ముందే బెల్లం వాసన వచ్చింది. తాటాకుల పాక. ఒక పక్క క్రషర్‌లో చెరకు గడలు నలుగుతున్నాయి. నేలలో తవ్విన పొయ్యి మీద మనిషి పట్టేంత పెనం. ఆయన భార్య పొయ్యి నోటి దగ్గర గొంతుకూర్చుని ఎండిన పిప్పి తోస్తోంది. పెద్దాయన పొడుగాటి తెడ్డు పట్టుకుని పెనం అంచున నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి తల ఊపాడు గానీ కదల్లేదు.

"రండి బాబూ, కూకోండి. మంచం ఎయ్యండ్రా" అని కేకేశాడు.

"మీరు కూడా ఇలా వచ్చి కూర్చోండి, ఒకసారి బీపీ చూస్తాను" అన్నారు డాక్టరు గారు.

"ఇప్పుడు రాకూడదు బాబూ. పొయ్యి రాజేసిన కాణ్ణుంచీ పెనం దించేదాకా వండేవోడు కూకోకూడదు. మా నాయన కూకోనేదు, మా తాత కూకోనేదు. వండేవోడు కూకుంటే పాకం కూడా కూకుండిపోద్ది."

డాక్టరు గారు వాదించలేదు. పాక అంచున నిలబడి చూస్తూ ఉన్నారు. నేను ఆవిడ పక్కన కూర్చుని మాటల్లో పెట్టాను. "పొద్దున్న ఏం తిన్నాడు?"

"ఏటీ తిన్లేదమ్మా. మొదటి పెనం బెల్లం అగ్గికి నైవేద్దెం పెట్టకుండా నోట్లో ఏటీ ఎయ్యడు."

"మరి మాత్రలు?"

ఆ మాట పెద్దాయనకి వినబడింది. మంచి పని చేసిన పిల్లవాడిలా మొహం వెలిగిపోయింది. "ఈపాలి మాత్ర ఒక్కరోజు తప్పనేదమ్మా. మరిసిపోతానని పొయ్యి రాజేసినప్పుడే రెండూ ఏసేసుకుంటన్నాను. దణ్ణం ఎట్టుకోడం, మాత్రలు ఏసుకోడం, నిప్పెట్టడం. నిప్పెట్టడం మరిసిపోతానేటి?"

నేను డాక్టరు గారి వంక చూశాను, ఆయన నా వంక చూశారు. అంతా అర్థమైపోయింది. వార్డులో ఆయన ఇడ్లీ తిని, మాత్ర వేసుకుని, ఫ్యాను కింద పడుకునేవాడు. ఇక్కడ ఖాళీ కడుపున నీళ్ళ మాత్ర, నాళాల్ని వదులు చేసే మాత్ర రెండూ ఒకేసారి. దాని మీద పొయ్యి సెగ. సెగకి చర్మం కింది నాళాలు మందు లేకపోయినా వదులవుతాయి. ఆ మీద గంటల తరబడి కదలకుండా నిలబడటం, రక్తమంతా కాళ్ళలోకి దిగిపోవడం. మాత్ర పూర్తిగా పని చేసే వేళకి పాకం కూడా దించే పదునుకి వస్తోంది. అంటే ఆయన పెనం మీదికి వంగి చూసేది సరిగ్గా అప్పుడే. మెరక సేనుకి నీరు ఎక్కమంటే ఎలా ఎక్కుతుంది?

అనుకుంటుండగానే ఆయన మొహం పాలిపోయింది. నుదురంతా చెమట, తెడ్డు పట్టిన చెయ్యి నెమ్మదించింది. నేను పరుగున వెళ్ళి వెనక నుంచి రెండు చంకల కిందా పట్టుకున్నాను. "కూర్చో" అని అరిచాను, వార్డులో అరిచినట్టు. ఆయన కూర్చోడు. కళ్ళు మూతలు పడుతున్నాయి, అయినా కూర్చోడు. డాక్టరు గారు నిలబడే బీపీ చూశారు. ఎంత ఉందో చెప్పను గానీ, ఆ బీపీతో నిలబడి ఉండటం ఆయన మొండితనమే. ఇంకెవరో తెడ్డు అందుకున్నారు. ఇద్దరం కలిసి ఆయన్ని పెనానికి దూరంగా లాక్కెళ్ళి నేల మీద పడుకోబెట్టి, కాళ్ళ కింద చెరకు మోపు పెట్టాం. కాసేపటికి మొహంలోకి రంగొచ్చింది.

ఆయన అడిగిన మొదటి మాట, "పాకం ఏమయింది?"

అప్పుడు లేచింది ఆవిడ. అంతవరకూ పిప్పి తోస్తూనే ఉంది, పొయ్యి ఆరిపోకూడదని. చేతులు దులుపుకుని వచ్చి ఆయన ముందు నిలబడింది. ఆవిడ గొంతు నేనెప్పుడూ అంత గట్టిగా వినలేదు.

"నువ్వు అందులో పడితే ఆ పెనంలో మళ్ళీ ఎవుడైనా బెల్లం వండుతాడా? ఆ బెల్లం ఎవుడైనా నోట్లో ఎట్టుకుంటాడా? మీ నాయన పెనం, మీ తాత పెనం అంటన్నావే, నువ్వు పడ్డాక అది పాతసామాను బండికి కూడా పనికిరాదు. ఆలోసించేవా?"

ఆయన పైకప్పు వంక చూస్తూ పడుకున్నాడు. మేం చచ్చిపోతావు అని చెప్పిన మాట ఆయనకి ఎక్కలేదు. పెనం పాడైపోతుందన్న మాట ఎక్కింది. కంటి చివర తడి కనబడింది నాకు.

"కూకోకూడదే" అన్నాడు చిన్నగా.

"కూకోమని ఎవులన్నారు? నెల్లాళ్ళు నా ఈపు ఆనుకుని ఉన్నావు. అది కూకోడమా, తొంగోడమా? ఏదీ కాదు. ఇక్కడా అలాగే ఆనుకో."

పాక పక్కన ఒక తాటి దుంగ పడి ఉంది. ఆవిడ దాన్ని చూపించింది. అరగంటలో కుర్రాళ్ళు రెండు గుంజలు పాతి, ఆ దుంగని నడుం ఎత్తున అడ్డంగా కట్టారు. సెగ నేరుగా తగలని వైపు, పెనంలోకి చూపు ఆనే వైపు. పెద్దాయన లేచి వచ్చి, అనుమానంగా దాని మీద వెనక్కి చేరగిలబడ్డాడు. పాదాలు నేల మీదే ఉన్నాయి.

"ఇది కూకోడం కాదు గదమ్మా?" అని నన్నడిగాడు.

"కాదు" అన్నాను.

డాక్టరు గారిని కూడా అడిగాడు. ఆయన చాలా గంభీరంగా చుట్టూ తిరిగి చూసి, "మా వైద్యశాస్త్రం ప్రకారం కూడా ఇది కూర్చోవడం కిందికి రాదు" అన్నారు. నవ్వాపుకోవడానికి నేను సంచిలో బీపీ మిషను సర్దుకున్నాను.

ఆ తర్వాత మాత్రల వేళలు మార్చాం. నీళ్ళ మాత్ర పొయ్యి ఆరాక, మధ్యాహ్నం భోజనం చేసి. నాళాల మాత్ర రాత్రి అన్నం తిన్నాక. రాత్రి లేవాల్సి వస్తే ముందు మంచం అంచున కాళ్ళు వేలాడేసి కాసేపు కూర్చుని అప్పుడు లేవమని ఆయనతో మూడుసార్లు అప్పజెప్పించాను. దుంగని ఆనుకున్నా ఒకే చోట బిగుసుకుపోకుండా అప్పుడప్పుడూ అటూ ఇటూ నాలుగడుగులు వెయ్యమన్నాం. పాకం దించేటప్పుడు వంగే పని ఇంకొకరిది, చెప్పే పని ఆయనది. మిగిలింది ఒక్కటే, ఖాళీ కడుపు. అగ్గికి పెట్టకుండా తినమని చెప్పడానికి నాకు నోరు రాలేదు, నేను కూడా శనివారాలు ఉపవాసం ఉండే మనిషినే.

దానికి దారి ఆయనే వెతుక్కున్నాడు. తర్వాత చెకప్‌కి వచ్చినప్పుడు చెప్పాడు. ముందురోజు ఆఖరి పెనంలోంచి ఒక ముక్క దాచి, పొద్దున్న నిప్పెట్టగానే దాన్ని అగ్గికి పెట్టేసి, వెంటనే అంబలి తాగుతున్నాడట.

"నిన్నటి బెల్లమని అగ్గి ఏమీ అనలేదా?" అన్నాను.

"ఇప్పటిదాకా ఏటీ అన్నేదు" అన్నాడు, ఏదో పెద్దమనిషి తరఫున హామీ ఇస్తున్నట్టు.

కళ్ళు తిరగడం ఆగింది. మాత్ర మెల్లగా పూర్తి మోతాదుకి పెంచాం. కాళ్ళ వాపు దిగింది. మళ్ళీ సెలైన్ పెట్టాల్సిన అవసరం ఆ కాలమంతా రాలేదు. డాక్టరు గారు ఆ తర్వాత ఏ పేషెంటుకి మాత్ర రాసినా, "మీరు పొద్దున్న లేచింది మొదలు ఏం చేస్తారో చెప్పండి" అని అడగడం మొదలుపెట్టారు. ఓపీ క్యూ గేటు దాటి టీ బడ్డీ దాకా పోయింది. నేను గొణుక్కుంటూనే సముదాయించాను.

గానుగల పని అయిపోయి, ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆవిడ ఒక్కతే వార్డు గుమ్మంలో కనబడింది. వెనక ఆయన లేడు. చేతిలో ఉన్న ట్రే పక్కన పెట్టి గబగబా ఎదురెళ్ళాను.

"ఏమయింది? ఏడీ ఆయన?"

"ఇంటికాడ తొంగున్నాడమ్మా. బాగున్నాడు. ఎల్లకిలా పడుకుని గుర్రెడతన్నాడు." కొంగులోంచి గుడ్డలో చుట్టిన బెల్లం ముక్క తీసి నా చేతిలో పెట్టింది. కానీ వెళ్ళలేదు. అక్కడే నిలబడింది.

"ఇంకా ఏటమ్మా?"

చెప్పడానికి సిగ్గుపడింది. పక్క మంచాల వాళ్ళు వింటున్నారేమో అని చూసి, నా దగ్గరికి జరిగింది.

"నాకేటైనా మాత్ర ఇయ్యి సిస్టరమ్మా. నాకే నిద్దర పట్టడం నేదు. ఈపంతా ఖాళీగా ఉంటన్నాది."

ఆవిడని బల్ల మీద కూర్చోబెట్టి, నేనూ పక్కన కూర్చున్నాను. దానికి మాత్ర లేదని చెప్పాను. మంచం ఎంత ఉంటుందని అడిగాను. ఇద్దరూ పట్టేంత ఉందంది. "అయితే ఇవాళ్టి నుంచి నువ్వు అటు తిరిగి పడుకుని, నీ వీపు ఆయనకి ఆనించు. ఇన్నాళ్ళూ నువ్వు మోశావు కదా, ఇంక ఆయన్ని మొయ్యనీ" అన్నాను.

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఈ వయసులోనా?" అంది. తర్వాత కొంగు దించి, "ఆయన గుండె ఓర్సుకుంటాదంటావా?" అని అడిగింది, నిజంగానే.

"ఓర్చుకుంటుంది" అన్నాను.